మామిడి నిట్టాడు

12 అక్టోబరు 2003, ఆదివారం

హేమ పట్టుబట్టి పార్కుకు తీసుకెళ్లింది. "ఎంతసేపని ఇంట్లోనే కూర్చుంటావు నాయనా, అలిపిరి దాకా వస్తే కాళ్లన్నా కదుల్తాయి." మనవరాలు చిన్ని ముందు పరుగు.

కొండ వైపు మూలలో జనం. కొత్తగా ఏదో కట్టారు. గూడు. గిజిగాడి గూడును బోర్లించినట్టు, రెండు నిలువుల ఎత్తు. వెదురు దబ్బలు, ఈతాకు, కొబ్బరి పీచు, పైన మందంగా ఎర్రమట్టి పూత. ఒక్క మేకు కూడా వాడలేదని బోర్డు మీద రాసి ఉంది. వంగి లోపలికి పోవాలి. లోపల చల్లగా ఉంది. గుడిసె మధ్యలో నిట్టాడు నిలబెట్టినట్టు ఒక చెట్టు మాను. పైన రెండుగా చీలి కప్పునంతా మోస్తోంది.

చేయి ఆనించాను. మామిడి. ఎడమ కొమ్మ మొదట్లో తాడు ఒరుసుకున్న గాడి.

ఆ గాడి నాకు తెలుసు.

బయటికి వచ్చేశాను. "ఏం నాయనా, ఈ చెమట్లు?" ఉక్కగా ఉంది అన్నాను.

13 అక్టోబరు

ఉయ్యాల తాడు. హేమకు నాలుగేళ్లప్పుడు కట్టింది. పాతికేళ్లు దాటింది.

వేరే చెట్టు కావచ్చు. తాడు ఎరగని మామిడి ఎక్కడుంది...

15 అక్టోబరు

బంగారుపాళ్యం వెళ్లాను. పూతలపట్టులో బస్సు కోసం గంట. మా తోట చూసుకునే మునెప్ప గడ్డి కోస్తున్నాడు. తూర్పు గట్టు ఖాళీ. హేమ వాళ్లమ్మను, సుగుణను దహనం చేసిన చోట తుంగ మొలిచింది. పక్కనే పడి ఉండాల్సిన మాను లేదు.

"యాడబోయింది మునెప్పా?"

"మీరే గదా అయ్యోరా ఇమ్మంటిరి. జూన్‌లో ఆ అరవాయన వచ్చినాడు, బొమ్మలు సేసేటాయన. మీకు ఫోన్ జేస్తే, పడుండేదాన్ని ఎత్తుకపోతే పోనీ అంటిరి."

అన్నానట. గుర్తు లేదు. ఆ నెలల్లో ఎవరేమడిగినా అదే అన్నాను.

"కాటికి కొట్టిన కట్టె అని చెప్పినావా?"

"సెప్తే ఎత్తుకపోతాడా?" కొడవలి పక్కన పెట్టాడు. "మిగిలిన కట్టె ఆడే మట్టిలో గలిసిపోవల్ల. ఇంకో ఇంటి నీడకి చేరగూడదు. మా నాయన సెప్పేటోడు. ఇప్పుడు యాడుండాది?"

పార్కులో అన్నాను.

"పిల్లోళ్లు తిరుగుతారా ఆడ?"

బస్సు వస్తుందని లేచాను.

17 అక్టోబరు

రాయాలి. ఇంకెక్కడా చెప్పలేదు.

ఫిబ్రవరి. సుగుణను ఇంకా వసారాలోనే పడుకోబెట్టి ఉంది. మునెప్ప గొడ్డలి పట్టుకుని వచ్చి అడిగాడు, ఏ చెట్టు అయ్యోరా అని. సొంత తోటలో ఒక మామిడిని కొట్టి సాగనంపడం మా వాళ్ల ఆనవాయితీ. ఎదురుగా బేనీషా మామిడి, నిండా పూత మీద ఉంది. నేను తూర్పు గట్టు వైపు చేయి చూపాను. దానికి పురుగు పట్టింది, ఎటూ పనికిరాదు, అది కొట్టండి.

అంత మామూలుగా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు తలూపారు.

కొమ్మలు, సగం మొదలు చాలాయి. చీలిన మాను మిగిలింది. బేనీషా మేలో బాగా కాసింది. నేను తినలేదు.

19 అక్టోబరు, ఆదివారం

చిన్ని వద్దంటే వినదు. పది మంది పిల్లలు చేతులు పట్టుకుని నిట్టాడు చుట్టూ తిరుగుతున్నారు. ఒకడు దాన్ని కావలించుకుని ఊపుతున్నాడు.

మాను మొదట్లో పిండి. లేత పసుపు, గుప్పెడు. వేళ్ల మధ్య నలిపి చూశాను. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాడిని. లోపల తొలిచేది ఇంకా బతికే ఉంది.

22 అక్టోబరు

పొద్దున ఒక్కడినే వెళ్లాను. పిల్లలు లేరు. మానుకు చెవి ఆనించాను.

గీకుడు. ఆగుతుంది. మళ్లీ.

25 అక్టోబరు, దీపావళి

ఏడాది తిరగలేదు, పండగ లేదు. తెల్లారింది మొదలు వాన. ఆ మట్టిపూత నీళ్లు తాగుతుంది. తాగిన మట్టి బరువు...

27 అక్టోబరు

పార్కు సూపర్వైజరును కలిశాను. మంచివాడే. కుర్చీ తుడిచి వేశాడు.

"పిండే గదా సార్. చీమలు పెట్టుంటాయి."

"చీమలు మానును తొలవవు. మామిడిని నిట్టాడుగా ఎవరూ పెట్టరయ్యా. పుచ్చిపోతుంది. పల్లెలో ఎవర్నడిగినా చెప్తారు."

"మీరు రిటైరైనా చెట్లకి మార్కులేసేది మానలేదు సార్." నవ్వాడు. "నవంబరు పద్నాలుగు పిల్లల పండగ. మూడు స్కూళ్లొస్తాయి. పెద్దోళ్లొచ్చి రిబ్బను కోస్తారు. ఇప్పుడొచ్చి పురుగంటే ఎట్ల సార్?"

లోపలికి మాత్రం పంపొద్దు అన్నాను.

"గూడు ఉండేదే దానికి గదా."

రాసిస్తే పైకి పంపుతానన్నాడు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. పురుగు గురించి ఒక పేజీ. మాను ఎక్కడిదో రాయలేదు.

29 అక్టోబరు

శిల్పి సెల్వం వచ్చి ఉన్నాడు. వానకు కరిగిన చోట మట్టి మెత్తుతున్నాడు. మోచేతుల దాకా ఎరుపు. సూపర్వైజరు నా పేరు చెప్పినట్టున్నాడు.

"తోట సార్ మీరేనా? ఎన్ని ఊర్లు తిరిగినా ఇట్లాంటి మాను దొరకలా సార్. రెండు చేతులెత్తి నిలబడినట్టు ఉండె." కొయ్యసుత్తితో తట్టి చూపించాడు. "సూడండి. ణంగుమంటాంది."

"పైన గట్టిగానే ఉంటుంది. లోపల తినేసి ఉంటుంది."

సుత్తి దించాడు. "కొట్టేటప్పుడు పురుగు ఉండిందా సార్? మీకు తెలిసుంటే ఆ పొద్దే సెప్పుంటారు గదా."

తెలియదు అన్నాను.

31 అక్టోబరు

తెలియదు అన్నాను.

సుగుణ కిందటేడు పూతలపట్టు దాటాక బస్సులో చెప్పింది. "ఈడ గట్టిగా తగల్తాండాది, నొక్కితే నొప్పి." పొట్ట మీద నా చేయి పెట్టుకుంది. జనం చూస్తారని చేయి తీసుకున్నాను. పరీక్షలైపోనీ, పేపర్లు దిద్దాక పోదాం అన్నాను. దిద్దాను. తర్వాత ఇంకేదో. మూడు నెలలు. చిత్తూరులో డాక్టరు స్కానింగు చూసి నా వైపు తిరిగి, ఇన్నాళ్లు ఏం చేశారు అని అడిగాడు. అప్పుడు కూడా, మాకు తెలియదండీ అన్నాను. సుగుణ నా ముఖం చూసి, తల తిప్పుకుంది. కాదనలేదు.

పద్నాలుగుకు ఇంకా రెండు వారాలు.

2 నవంబరు, ఆదివారం

చిన్నికి కొత్త గౌను వేసి తెచ్చింది హేమ. పార్కుకు వద్దన్నాను.

"ఏం నాయనా? అది చూసినప్పుడల్లా నీ ముఖం అదోలా అయిపోతుంది. ఏముండాది దాంట్లో?"

చెప్పాను. మునెప్ప, ఫోను, మాను. పురుగు.

చిన్నిని పెరట్లో ఆడుకొమ్మని పంపింది. తర్వాత: "అమ్మకి కొట్టిందా?"

అవును.

"తోట నిండా చెట్లుంటే పురుగు పట్టినదాన్నేనా కొట్టేది? ఎవరు చూపించినారు?"

నేనే.

లేచి పెరట్లోకి వెళ్లింది. ఆ మధ్యాహ్నం పూట చిన్నికి తలస్నానం చేయించింది. పిల్ల ఎందుకని ఏడుస్తున్నా ఆపకుండా పోసింది. గౌను నా ఇంట్లోనే నీళ్లలో వదిలి వెళ్లిపోయింది.

4 నవంబరు

హేమ ఫోన్ ఎత్తలేదు. అల్లుడు ఎత్తి, "తర్వాత చేయిస్తాలే మామా" అన్నాడు.

6 నవంబరు

మూడు రోజులుగా తుపాను వాన. తగ్గగానే వెళ్లాను. చీలిక దగ్గర దారం కట్టి, కొసకు రాయి వేలాడదీశాను. మాను మొదలు నుంచి బొటనవేలంత పక్కకు నిలిచింది రాయి. మాను ఒరిగింది.

సూపర్వైజరును పిలిచి చూపించాను. "కొండ గాలి సార్. గూడన్నాక ఊగల్ల." వెనక తోటమాలి నవ్వాడు. నా కాగితం పైకి పోయిందా అంటే, టేబుల్ మీదే ఉండాది సార్, యాడికీ పోదు అన్నాడు.

9 నవంబరు, ఆదివారం

హేమ ఒక్కతే వచ్చింది. వంట చేసింది. వడ్డిస్తూ అడిగింది.

"వాళ్లకి చెప్పినావా?"

"రాసిచ్చాను."

"ఏమని?"

"పురుగు తింటోందని."

"అమ్మ చెట్టని రాసినావా?"

లేదు.

"అది చెప్పు నాయనా. పురుగంటే ఎవరింటారు? కాటి కట్టె అంటే రేపే ఊడబెరికి పారేస్తారు." గిన్నె మీద మూత పెట్టి, "నలుగురూ ఏమనుకుంటారని గదా నీకు" అంది.

అది కాదు అనబోయాను. అదే.

ముప్పై ఏళ్లు క్లాసులో నిలబడి, కారణం లేనిది నమ్మొద్దని చెప్పాను. ఇప్పుడు పిల్లల్ని కాపాడాలంటే కాటి భయమే దిక్కు. కానీ...

తిన్నాను. వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ, "ఇంకా అయిదు దినాలుండాది" అంది.

10 నవంబరు

చెప్పాను.

సూపర్వైజరు, ఇద్దరు తోటమాళ్లు, రంగు వేసే మనిషి. అందరి ముందూ. నా భార్యకు చితి పేర్చడానికి కొట్టిన చెట్టు ఇది, మిగిలిన మాను. పురుగుందని తెలిసే కొట్టించాను. తెలియదని శిల్పికి అబద్ధం చెప్పాను.

రంగు మనిషి బ్రష్ కింద పెట్టి దూరంగా జరిగాడు. సూపర్వైజరు ముఖంలో నవ్వు పోయింది. "ఎంత పని జేస్తిరి సార్. మా పాప కూడా దీంట్లోనే ఆడుకునె." చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నేను జూసుకుంటా. మీరు ఇంటికి పోండి సార్."

హేమకు ఫోన్ చేశాను. "మంచిపని చేసినావు" అంది. అంతే అంది.

తొమ్మిది నెలల తర్వాత మధ్యాహ్నం నిద్రపోయాను.

12 నవంబరు

ఊడబెరికి ఉంటారని వెళ్లాను.

గూడు నిలబడే ఉంది. ముందర పగిలిన బూడిద గుమ్మడికాయ, కుంకుమ నీళ్లు. ద్వారానికి నిమ్మకాయలు, మామిడాకులు. మానుకు నడుము ఎత్తున పసుపు గుడ్డ చుట్టారు. రంధ్రాలు కనిపించకుండా.

సూపర్వైజరు ఎదురొచ్చి ప్రసాదం చేతిలో పెట్టాడు. "స్వామిని పిలిపించి శాంతి చేయించినాం సార్. దోషం పూర్తిగా పోయింది. మీరు చెప్పబట్టి సరిపోయె. ఇంక ఏ భయమూ లేదు."

"దోషం కాదయ్యా. పురుగు. పురుగు పోలేదు."

"స్వామి చెప్పినారు సార్, దోషం వల్లనే పురుగంట. అది పోతే ఇదీ పోతుంది."

సెల్వానికి చెప్పారా అంటే, వేరే పని మీద కేరళ పోయినాడన్నారు. నంబరు కలవదు.

పసుపు గుడ్డ మీద చెవి పెట్టాను. ఎప్పుడూ లేనంత గట్టిగా వినిపిస్తోంది. తోటమాలి, సార్ దండం పెట్టుకుంటున్నాడు అన్నాడు ఎవరితోనో.

13 నవంబరు

మళ్లీ వాన. రాయి రెండు వేళ్ల దూరం. దారం చుట్టి జేబులో వేసుకుంటుంటే సూపర్వైజరు భుజం మీద చేయి వేశాడు. "అమ్మగారు పోయినాక మీకు మనసు బాలేదు సార్. రేపు రావాకండి. టీవీలో జూపిస్తారు."

మూడు స్కూళ్ల హెడ్మాస్టర్లను కలిశాను. ఒకాయన నా విద్యార్థి. కాఫీ ఇచ్చాడు. "శాంతి అయిపోయిందంట గదా మాస్టారూ" అన్నాడు.

14 నవంబరు

గేటు తీయగానే వచ్చాను. లోపల కూర్చుని రాస్తున్నాను. నిట్టాడుకు వీపు ఆనించి. వీపులోకి తెలుస్తోంది గీకుడు.

ఆలోచించి చేసింది కాదు. ఎవరో ఒకరు లోపల ఉంటే పిల్లల్ని పంపలేరు. అంతే.

ఏడు గంటలకు తోటమాలి తొంగిచూశాడు. వెళ్లాడు. సూపర్వైజరు వచ్చాడు. ముందు బతిమాలాడు. "పెద్దోళ్లొచ్చే టైమైంది సార్, మా ఉద్యోగాలు పోతాయి." తర్వాత పోలీసులన్నాడు. పిలవమన్నాను. లోపలికి మాత్రం రాలేదు. పసుపు గుడ్డ కట్టించినవాడే, వంగి ఒక కాలు పెట్టి మళ్లీ తీసుకున్నాడు.

బయట బస్సులు ఆగాయి. పిల్లల గోల. విజిల్. "లైన్లో నిలబడండి, తోసుకోవాకండి." ఒక పిల్ల గొంతు: "లోపలెవరో తాత ఉండాడంట మిస్."

పైనుంచి మట్టిపెళ్ల రాలి పేజీ మీద పడింది. దులిపాను.

ఇప్పుడు హేమ గొంతు. ఎవరు పిలిపించారో. సూపర్వైజరు ఆమెతో మెల్లగా మాట్లాడుతున్నాడు, మీ నాయనకు మీరన్నా చెప్పండమ్మా అని. ఆమె జవాబు వినిపించలేదు.

వెలుతురు తగ్గింది. హేమ వాకిట్లో వంగింది. రావద్దు అన్నాను. ఇది నిలవదు, పో, చిన్ని దగ్గరికి పో అన్నాను. గట్టిగానే అన్నాను.

చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. మానును చూసింది. చేత్తో ముట్టుకుంది. పక్కన కూర్చుంటోంది.

రాసింది చాల్లే నాయనా, కొంచెం జరుగు అంటోంది.