సూరమ్మ టీ బడ్డీ, నౌపడ

నౌపడ,
12 నవంబరు 1968

ప్రియమైన ఉమాపతికి,

నీ చిన్ననాటి నేస్తం కూర్మయ్య రాసేది. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ, హైమవతి చెల్లెమ్మా బాగున్నారని తలుస్తాను.

పని పడితే తప్ప ఉత్తరం రాయనని నువ్వు దెప్పుతుంటావు. దెప్పితే దెప్పు, ఇప్పుడూ పనే పడింది. స్టేషను దగ్గర నా టీ బడ్డీ బాగానే నడుస్తోంది గానీ గ్లాసులు నిలవడం లేదు. కిటికీలోంచి టీ అందిస్తాం. వాళ్ళు ఊదుకుంటూ తాగుతుండగానే గార్డు ఈల వేస్తాడు. గ్లాసు హౌరా పోతుంది, నేను ఉత్త చేతులతో నిలబడతాను. గ్లాసు మీద పేరుంటే కాస్త మొహమాటపడి తిరిగిస్తారేమోనని నా ఆశ. కాశీబుగ్గలో జీడిపప్పు డబ్బాల మీద పేర్లు రాసే చెయ్యి నీది. నా గ్లాసుల మీద కూడా ఎర్ర రంగుతో రాసిపెట్టు.

నా పేరే రాయిద్దామనుకున్నాను. మా చెల్లి సూరమ్మ ఒప్పుకోలేదు. "నీ పేరెవుడికి కావాలన్నియ్యా? ఆడదాని పేరుంటే సిగ్గుపడి ఇచ్చేత్తారు. నా పేరు రాయించు. పక్కన ఊరి పేరు మాత్రం మరిసిపోకు" అంది. సరే, 'సూరమ్మ టీ బడ్డీ, నౌపడ' అని రాయి.

దాని సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. దాని పెనిమిటి, మా బావ ఎల్లాజీ, హౌరా దారిలోని ఖరగ్‌పూర్ కూలిపనికి వెళ్ళి ఇది మూడో ఏడు. మొదట్లో ఎవరిచేతనో ఉత్తరాలు రాయించేవాడు. తర్వాత ఆగిపోయాయి. మేం రాసినవి, ఆ మనిషి అక్కడ లేడంటూ తిరిగొస్తున్నాయి. మా ఊరు భావనపాడులో కులపెద్దలు ఉగాది దాకా చూద్దామన్నారు. అప్పటికీ కబురు లేకపోతే బంగారయ్యకు ఇచ్చి మారుమనువు చేస్తారు. బంగారయ్య భార్య పోయినవాడు, సొంత నావ ఉన్నవాడు, నెమ్మదస్తుడు. నేనూ తల ఊపాను. సూరమ్మ మాత్రం అవుననదు, కాదనదు. గ్లాసులు కడుగుతుంది.

ఉప్పు గుమాస్తా రామూర్తి మీ పక్కనున్న పలాస వస్తున్నాడు. ఆయన చేత గ్లాసుల బుట్ట పంపుతున్నాను.

నీ
కూర్మయ్య


కాశీబుగ్గ,
27 నవంబరు 1968

ఒరే కూర్మయ్యా,

నీ గ్లాసులు గడ్డిలో భద్రంగా పెట్టి రామూర్తి గారికే అప్పగించాను. డబ్బాల మీద రాసినట్టే కాగితం పట్టీ తిన్నగా కత్తిరించి, దాని మీద అక్షరాలు కోసి, గ్లాసుకు చుట్టి రంగు అద్దాను. ఆరాక మళ్ళీ చూడటానికి తీరిక లేదు, పెళ్ళివారి బోర్డులు మీద పడ్డాయి. అయినా నా రాతకు వంక పెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. బూడిదతో తోమొద్దని చెల్లెమ్మకు చెప్పు, రంగు లేస్తుంది.

ఎల్లాజీ సంగతి చదివి మనసు బాగోలేదు. ఉగాదికి ఇంకా చాలా రోజులున్నాయిలే. మనిషి బతికుంటే కబురు రాకపోదు.

ఇట్లు,
నీ మేలు కోరే ఉమాపతి


నౌపడ,
4 డిసెంబరు 1968

ప్రియమైన ఉమాపతికి,

వంక పెట్టేవాడు పుట్టాడు. నేనే.

'సూరమ్మ' వరకు బాగానే ఉంది. 'టీ' దగ్గర నుంచి రాత మెట్లెక్కడం మొదలుపెట్టింది. 'నౌపడ' పోయి పోయి గ్లాసు అంచుకు తగిలింది. తాగేవాడి పెదవి సరిగ్గా ఊరి పేరు మీద పడుతోంది. రామూర్తి మొదటి గ్లాసు తాగి, "ఇదేటి కూర్మయ్యా, నౌపడ మొత్తం నా నోట్లోకెలిపోతంది!" అన్నాడు. బడ్డీ దగ్గరున్న వాళ్ళంతా పొట్ట పట్టుకున్నారు. పేరు చదవాలంటే గ్లాసు తిప్పాలి, మెడ కూడా వంచాలి. అన్ని గ్లాసులూ ఇంతే.

నీకు కళ్ళజోడు అవసరం పడిందేమోనని మా అనుమానం. కోపం తెచ్చుకోకు.

నీ
కూర్మయ్య


కాశీబుగ్గ,
22 డిసెంబరు 1968

ఒరే కూర్మయ్యా,

కోపం తెచ్చుకున్నాను. నీ ఉత్తరం చింపి పొయ్యిలో పెట్టబోతే హైమవతి లాక్కుంది. "ముందు బజారులో అలాంటి గ్లాసు తెచ్చి చూడండి, తర్వాత తిడుదురు గాని" అంది.

చూశాను. డబ్బా పైనా కిందా ఒకటే లావు. నీ టీ గ్లాసు పైన వెడల్పు, అడుగున సన్నం. ఆ తేడా నా బుర్రకు తట్టలేదు. గచ్చు మీద తడిపిన ముగ్గుపిండి పరిచి, గ్లాసును పడుకోబెట్టి నెట్టాను. అది తిన్నగా పోతే ఒట్టు! గానుగెద్దులా చుట్టు తిరిగింది. అంచు ఒక వంపు గీసింది, అడుగు ఇంకో వంపు గీసింది. ఆ రెండింటి మధ్య పడిన దారే అక్షరాలు నడవాల్సిన దారి. కాగితాన్ని అలాగే వంపుగా, గుమ్మడికాయ ముక్కలా కోశాను. గ్లాసుకు చుడితే చొక్కా తొడిగినట్టు కూర్చుంది.

అక్కడితో అయిపోలేదు. వంపు మీద రాస్తే అక్షరాల తలలు ఎడమవుతాయి, కాళ్ళు ఇరుకవుతాయి. మీ చెల్లి పేరులో మ కింద ఒత్తుకు చోటు చాల్లేదు. ఒత్తును సన్నం చేసి కాస్త పక్కకు జరిపాను. ఎన్ని కాగితాలు పాడుచేశానో అడగకు. ఇప్పుడు గ్లాసును ఎటు తిప్పినా పేరు నీళ్ళ మట్టంలా నిలుస్తుంది.

కొత్త గ్లాసులు కొని రాసి పంపుతున్నాను. ఆ వంకర గ్లాసులు మాత్రం వెంటనే తిప్పి పంపు. చెరిపి మళ్ళీ రాస్తాను. అవి నలుగురి కంట పడితే నా పరువు పోతుంది.

ఇట్లు,
నీ ఉమాపతి


నౌపడ,
20 ఫిబ్రవరి 1969

ప్రియమైన ఉమాపతికి,

జవాబు ఆలస్యమైంది, క్షమించు. కొత్త గ్లాసులు చూడముచ్చటగా ఉన్నాయి. స్టేషను మాస్టారు కూడా చేతిలో తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నారు.

అక్కడే చిక్కొచ్చింది. ముందు గ్లాసు పోతే పరధ్యానం వల్ల పోయేది. ఇప్పుడు అందం చూసి పట్టుకుపోతున్నారు. మునుపటికంటే ఎక్కువ పోతున్నాయి. నీ వంకర గ్లాసులు తిప్పి పంపుదామంటే సూరమ్మ, "అవీ గ్లాసులే గదా, టీ కారిపోతాదేటి?" అని వాటిలోనూ పోసి ఇచ్చేసింది. అవీ దాదాపు పోయాయి. నీ పరువు హౌరా బండెక్కింది, నన్ననకు.

శివరాత్రి వెళ్ళిపోయింది. బంగారయ్య వాళ్ళు చీర కొంటామని కబురు పంపారు. సూరమ్మకు చెప్పాను. వింది, లేచి బండికి ఎదురెళ్ళింది. దాన్ని చూస్తే నాకు భయంగా ఉంది. బలవంతాన పంపితే నా చేతులతో నేనే చెల్లెల్ని ముంచినవాణ్ణవుతాను. పంపకపోతే ఎన్నాళ్ళిలా?

నీ
కూర్మయ్య


కాశీబుగ్గ,
26 ఫిబ్రవరి 1969

ఒరే కూర్మయ్యా,

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా హైమవతి పట్టింది.

మొన్న హరిశ్చంద్రపురంలో వాళ్ళ పిన్నిని చూసి వస్తూ నీ స్టేషనులో టీ తాగింది. మీ చెల్లిని తను ఎరగదు, తనను మీ చెల్లీ ఎరగదు. గ్లాసు చేతికిస్తూ మీ చెల్లి, "ఎందాకా ఎల్తన్నారమ్మా?" అని అడిగిందట. పలాస అని చెప్పింది. తాగడమే తరువాయి, మీ చెల్లి చెయ్యి చాపి గ్లాసు తీసేసుకుంది. పక్క కిటికీలో ఒకాయన ఖరగ్‌పూర్ అన్నాడు. ఆయన తాగేసి గ్లాసు బయటికి చాపితే, "ఉంచండి బాబూ, దారిలో నీళ్ళు తాగడానికి పనికొత్తాది" అందట! మా ఇల్లాలు ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా నాకిది చెప్పింది.

గ్లాసులు ఎవరూ పట్టుకుపోవడం లేదురా. మీ చెల్లే పంపుతోంది. కోప్పడకుండా అడుగు.

ఇట్లు,
నీ ఉమాపతి


నౌపడ,
2 మార్చి 1969

ప్రియమైన ఉమాపతికి,

అడిగాను. దాచలేదు. "ఉత్తరానికి అడ్రసు కావాల అన్నియ్యా. గ్లాసుకి అక్కర్లేదు గదా" అంది.

బావ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అతనికి చదువు లేదు, అక్షరాలు కూడబలుక్కోగలడంతే. ఎక్కడున్నా టీ తాగకుండా ఉండడు కదా అని దీని లెక్క. నేను గ్లాసులు పోకుండా పేరు రాయించాను, ఇది పోవాలని రాయించింది.

పిచ్చిపని అనే అనిపిస్తోంది. అయినా కాదనలేను. ఉగాది ఎంతో దూరం లేదు. ఈ ఉత్తరంతో వచ్చే బుట్టలోని గ్లాసుల మీద నీకు వీలైనంత త్వరగా రాసి పంపు. పోతే పోనీ.

నీ
కూర్మయ్య


నౌపడ,
14 మార్చి 1969

ప్రియమైన ఉమాపతికి,

నువ్వు రాస్తున్న గ్లాసులకు ఇక తొందర లేదు. ఎల్లాజీ బావ వచ్చాడు.

నిన్న పొద్దున్న హౌరా వైపు నుంచి వచ్చిన పాసింజరులో దిగాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. భుజాన మూట, చేతిలో గ్లాసు. నేను ముందు గ్లాసునే గుర్తుపట్టాను, తర్వాత మనిషిని.

మా ఊరివాడెవడో అక్కడ కనిపించి, సూరమ్మను బంగారయ్యకు ఇచ్చేశారని చెప్పాడట. మొదట్లో ఉత్తరం కాస్త ఆలస్యమైతేనే ఇక్కడ కొందరు బంగారయ్య పేరెత్తారు, ఆ మాటే అక్కడికి జరిగిపోయిన మాటగా చేరింది. ఇక ఊరి మొహం చూడకూడదని బావ బస మార్చేశాడు, ఉత్తరాలు మానేశాడు. పది రోజుల క్రితం గూడ్సు షెడ్డు దగ్గర కొట్టులో టీ తాగుతుంటే పెదవికి ఏదో గరుగ్గా తగిలిందట. రంగు. చూస్తే నౌపడ అని ఉంది. గ్లాసు తిప్పుతూ, మెడ వంచుతూ, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ వెనక్కి చదివాడు. "మారుమనువాడి ఎలిపోయినదాని పేరు అన్న బడ్డీకి ఎందుకుంటాదనుకున్నాను బావా" అన్నాడు. కొట్టువాణ్ణి బతిమాలి ఆ గ్లాసు తెచ్చుకున్నాడు.

అర్థమైందా? అది నీ వంకర గ్లాసురా. చక్కగా రాసినవన్నీ ఎవరి బీరువాల్లో కూర్చున్నాయో! బాగోలేదని ఎవరో వదిలేసింది టీ కొట్టుకు చేరింది. అది తిన్నగా ఉండుంటే అతని పెదవికి తగిలేదే కాదు. ఇకమీదట నిన్ను వంకర రాతని ఎవడైనా అంటే వాడి మీదికి నేనొస్తాను.

బంగారయ్యకు నేనే వెళ్ళి చెప్పాను. "మంచిదే గదా" అన్నాడు. కాసేపు వల సర్దుకుంటూ కూర్చుని, తనే లేచి పెద్దలకు చెప్పడానికి నాతో వచ్చాడు.

సూరమ్మ సంగతి చెప్పలేదు కదూ. బావ దిగేసరికి అది అవతలి పెట్టె దగ్గర టీ అందిస్తోంది. ఇతను వెళ్ళి దాని వెనక నిలబడ్డాడు. అదే తిరిగింది. మొహం చూసింది, చేతిలో గ్లాసు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఇన్నాళ్ళూ ఖరగ్‌పూర్ పోయేవాళ్ళలో ఒక్కణ్ణీ గ్లాసు తిరిగి అడగని మనిషి, చెయ్యి చాపి, "గ్లాసిలాగియ్యి" అంది.

తీసుకుని కడిగింది. అందులోనే టీ పోసి అతనికిచ్చింది.

ఉగాదికి నువ్వూ, హైమవతి చెల్లెమ్మా తప్పకుండా రావాలి. చెల్లెమ్మను ఈసారి ఎందాకా వెళ్తున్నారని ఎవరూ అడగరు.

ఎప్పటికీ నీ
కూర్మయ్య