గురువారం గురువారం వచ్చేవాళ్లు

ప్రొద్దుటూరు,
12 సెప్టెంబరు 2024, గురువారం.

తమ్ముడు రూబెన్‌కు,

ప్రభువు నామంలో పెద్దక్క ప్రేమమ్మ వందనాలు. దేవుని కృప వల్ల నా ఆరోగ్యం బాగానే ఉంది. మోకాలు ఒకటి సతాయిస్తోంది, దానితో సర్దుకున్నాను. నువ్వూ, ప్రశాంతీ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. పొద్దుటి ప్రార్థనలో మీ పేర్లు ఏ రోజూ తప్పిపోలేదు.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్‌లో నోరు రాక రాశానన్నావు. నేనూ అందుకే రాస్తున్నాను.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. ఏడేళ్ల కిందట ఆగిపోయిన నీ ‘రెండో వాటా’ సీరియల్‌ను, ఫోన్లలో చూపించే కంపెనీవాళ్లు మళ్లీ అడుగుతున్నారు. పాతవి చూపిస్తారట, కొత్తవి పది రాయమంటారట. షరతు ఒక్కటే. మాటల మధ్య రికార్డు నవ్వులు వేస్తారు, పాతవాటిలో కూడా. వచ్చే సోమవారం లోపల నువ్వు సంతకం పెట్టాలి. చివర్లో రాసింది రెండుసార్లు చదివాను. పెట్టేస్తానక్కా, ఎవరి కోసం ఈ పట్టుదల, నాన్నే ఒక్క ఎపిసోడ్ కూడా చూడకుండా పోయాడు, అని.

నిజమే. నాన్న చూడలేదు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కానని నీకు తెలుసు. అయినా ఈ నవ్వుల గురించి నా మనసులో కొంత ఉంది, చెబుతాను.

మనం జమ్మలమడుగులో ఉన్నప్పుడు వీధికంతా ఒక్క టీవీ, కాంపౌండరు పాల్ రాజు మామ ఇంట్లో. వారానికి ఒక అరగంట నవ్వుల నాటకం వచ్చేది, అదీ హిందీలో. అబ్దుల్ సలాం సారుకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆయన నవ్వితే వీధంతా నవ్వేది. ఒకసారి ఆయన దగ్గితే కూడా నవ్వాము. తర్వాత తెలుగువి వచ్చాయి. వాటిలో మనుషులు కనపడకుండానే నవ్వులు వినపడేవి. అమ్మ, నాన్నకు తెలియకుండా వచ్చి వాకిట్లో నిలబడి చూసేది. ఆ నవ్వేటోళ్లు యాడ కూచున్యారే, ఒక్కరూ కనపడరే, అని అడిగింది. నువ్వు టీవీ వెనక్కి పోయి చూసి వచ్చి, ఎవ్వరూ లేరుమా, ఉత్త వైర్లే ఉండాయి, అన్నావు. నీకప్పుడు ఏడేళ్లు.

నాన్న బడిపంతులు, సంఘపెద్ద. ఇంట్లోకి టీవీని రానివ్వలేదు. నువ్వు బి.ఇడి. మధ్యలో వదిలి హైదరాబాదు పోతానన్న రోజు ఆయన అన్న మాట నాకూ గుర్తుంది. యాడికి పోతాండావురా, నవ్వులాటలు రాసి బతికేదానికా, పో, మళ్లా ఈ గడప తొక్కొద్దు, అన్నాడు. అమ్మ మట్టికి వచ్చావు. ఆయన మట్టికి వచ్చావు. నడుమ రాలేదు.

నువ్వు హైదరాబాదు పోయే నాటికి వీధంతా కేబుల్ వచ్చింది. రోజూ ఏడుపు సీరియళ్లు. నవ్వు మూలకు పోయిందనుకున్నాను. పోలేదు. స్టేజీ మీద స్కిట్లుగా వచ్చింది, నవ్వడానికి కుర్చీల్లో మనుషులను కూర్చోబెట్టారు. నాకు ఆ గోల పట్టదు. కానీ మన పక్కింటి అమీనాబీ, భర్త పోయిన ఏడాది వాటిని చూసే అన్నం తినగలిగింది. అందుకని దేనినీ తక్కువ చెయ్యను. నలభై ఏళ్లలో ఆ అరగంట ఎన్ని రకాలుగా మారినా, అలసిపోయిన మనిషి ముఖం విప్పే పని మానలేదు. అది చిన్న పని కాదు, రూబెన్.

ఇన్నిటి మధ్య నీది వచ్చింది. గురువారం సాయంత్రం ఏడింటికి. బాడుగ ఇంటి రెండో వాటాలో గుమాస్తా అనంతరామయ్య. ఉద్యోగం ఊడిందని భార్య జానకమ్మకు చెప్పలేక రోజూ క్యారియర్ పట్టుకుని పోయి లైబ్రరీలో కూర్చుంటాడు. జానకమ్మకు అంతా తెలుసు. తెలిసే రోజూ క్యారియర్ కడుతుంది. మొదటి వారాలు అమీనాబీ ఇంట్లో చూశాను. రికార్డు నవ్వులు లేవు. ఏందక్కా ఇది, యాడ నవ్వల్లో చెప్పరే, అంది అమీనాబీ. మూడో వారం జానకమ్మ, లైబ్రరీ పనికి ఆకలి ఎక్కువని గొణుక్కుంటూ ఇంకో ముద్ద పెట్టినప్పుడు, ఎవరూ చెప్పకుండానే అమీనాబీ నవ్వింది. నవ్వుతానే కొంగుతో కండ్లు తుడుచుకుంది. మా తమ్ముడు ఇదీ రాయగలడా అని నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ తర్వాత నాన్న మంచాన పడ్డాడు, చూడడం కుదరలేదు.

ఆ రోజుల్లోనే నీకొక కార్డు రాశాను. అనంతరామయ్యకు తొందరగా ఉద్యోగం ఇప్పించు అని. నువ్వు ఫోన్ చేసి నవ్వావు. అక్కా, నువ్వు గూడా ఆయప్ప నిజంగా ఉండాడనుకుంటాండావా, అన్నావు. ఉద్యోగమిస్తే ఇంక కథేముంటుందన్నావు. అయినా నెల తిరక్కుండా ఇచ్చావు. నువ్వన్నట్టే కథ అయిపోయింది, సీరియల్ ఆగింది. ఎందుకడిగానని నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు.

పోయిన నెల అమీనాబీ కూతురు ముస్కాన్‌కు కాన్పయితే చూడడానికి పులివెందుల పోయాను. తిరుగు బస్సులో, వేంపల్లెలో ఒక అమ్మాయి ఎక్కి నా పక్కన కూర్చుంది. సింధూ అట, ఇడుపులపాయలో చదువుతుందట. చెవుల్లో వైర్లు, చేతిలో ఫోన్, ఉన్నట్టుండి నవ్వింది. నేను చూడడం చూసి, నువ్వూ ఇంటావా పెద్దమ్మా, అని ఒక వైరు నా చెవిలో పెట్టింది. జానకమ్మ గొంతు. ఎవరో పాత ముక్కలు ఎక్కించారట. ఎర్రగుంట్ల దాకా ఇద్దరం ఒకే చోట నవ్వుకుంటూ వచ్చాము. ఇది రాసింది మా తమ్ముడని చెప్పాలనిపించింది. గర్వమవుతుందని ఊరుకున్నాను. దిగేటప్పుడు చెప్పేశాను.

ఆ అమ్మాయి పుట్టిన కాలం వేరు, నాది వేరు. ఎక్కడ నవ్వాలో మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. నువ్వు మనుషులను నమ్మి రాశావు. నీ సీరియల్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది అదే.

సంతకం నీ ఇష్టం. ఇంట్లో ఖర్చులు నాకు తెలియనివి కావు. మోకరించి అడుగు, తర్వాత పెట్టు, లేదా మానుకో. ఏది చేసినా నేను నీ అక్కనే.

ప్రభువు నిన్నూ నీ ఇంటినీ కాపాడాలని కోరుతూ,
మీ పెద్దక్క,
ప్రేమమ్మ.

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. సగం నిజం రాసి ప్రార్థనకు కూర్చోలేకపోయాను.

నాన్న చూడలేదు. విన్నాడు.

ఆయన మంచం అమీనాబీ ఇంటి గోడకు ఆనించి వేశాము. చూపు అప్పటికే పోయింది. ఒక గురువారం నన్ను పిలిచి, ప్రేమా, అమీనాబీ ఇంట్లోకి ఎవరో బాడుగకు దిగినట్లుండారే, ఆయప్పకు పని పోయింది, పెండ్లానికి చెప్పుకోలేకుండాడు, శానా మంచోడు మాదిరుండాడు, అన్నాడు. గురువారం గురువారం వస్తారు నాన్నా, అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆ తప్పు ఇప్పటికీ దేవుని ముందు ఒప్పుకుంటూనే ఉన్నాను.

అమీనాబీకి చెబితే, పోనీలే అక్కా, పెద్దాయన ఇననీ, అంది. పాట వచ్చినా, ప్రకటనలు వచ్చినా చప్పుడు తీసేసేది. మాటలు మొదలవగానే పెంచేది. మిగతా రోజుల్లో టీవీ గోడ దాటకుండా సన్నగా పెట్టుకునేది. నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. పక్కింటోళ్లకు ఇనపడితే నొచ్చుకుంటారు, అనేవాడు. అయిపోగానే ఇద్దరి పేర్లూ పెట్టి ప్రార్థన చేసేవాడు. ఆయప్పను ఒకసారి పిల్చకరా, ధైర్యం చెప్తా, అని నన్ను అడిగేవాడు. ఇరవై రెండు వారాలు అడిగాడు. ఆ ప్రార్థనకు జవాబు వినకుండానే పోతాడేమోనని నీకు కార్డు రాశాను.

ఉద్యోగం వచ్చిన గురువారం నాన్న ఏడ్చాడు. కృతజ్ఞత కానుక కవరు తెమ్మని, తడుముకుంటూ దాని మీద తనే రాశాడు. ఆదివారం మందిరంలో అయ్యగారు కవర్ల మీద ఉన్నవన్నీ చదివినట్టే దానినీ చదివారు. పొరుగింటి అనంతరామయ్యకు ఉద్యోగము దొరికినందుకు దేవునికి స్తోత్రము, అని. కింద నాన్న సంతకం, సత్యానందం. కూర్చున్నవాళ్లలో సగం మంది నీ సీరియల్ చూసేవాళ్లే. ఒక్కరూ నవ్వలేదు. అందరూ ఆమెన్ అన్నారు. పదకొండో రోజున నాన్న పోయాడు.

ఇన్నాళ్లు దాచింది ఎందుకంటే, ఆయన నిన్ను క్షమించి విన్నది కాదు, తెలియక విన్నాడు. అది నీకు చాలదేమో, ఇంకా నొప్పేమో అనుకున్నాను. నీ ఉత్తరం చూశాక దాచే హక్కు నాకు లేదనిపించింది.

ఆ కవరు అయ్యగారిని అడిగి తెచ్చుకున్నాను. దీనితో పెడుతున్నాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కిటికీ దగ్గర పెట్టుకుని చదువుకో.

ఇంకొక్క మాట. ఆ గోడ అవతల నుంచి ఒక్క రికార్డు నవ్వు వినపడి ఉంటే, నాన్న ఆ రోజే మంచాన్ని ఇవతలి గోడకు జరపమనేవాడు.