సున్నుండల డబ్బా, కొర్రబియ్యం

ఒంటిమిట్ట, జూలై

చి.ల.సౌ. శ్రీదేవికి మీ అత్త అలివేలమ్మ ఆశీర్వదించి రాసేది.

ఈడ మేము క్షేమం. ఫోను చేస్తే మీ మామ స్పీకరు పెట్టించి మధ్యలో దూరతాడు, అందుకే ఉత్తరం రాసి డబ్బాలో పెడుతున్నా. ఆరాధన ఫోటో చూశా. నాలుగో తరగతికే పిల్ల చిక్కిపోయింది! ఆ బుగ్గలు ఏమయ్యాయి? నేతి సున్నుండలు బస్సు పార్సిల్లో వేయిస్తున్నా. పొద్దున రెండు, బడి నుంచి రాగానే రెండు పెట్టు.

ఇట్లు, అలివేలమ్మ

తా.క. డబ్బా ఖాళీగా తిప్పి పంపొద్దు, ఇంటికి మంచిది కాదు. చారెడు శనగలైనా వేసి పంపు.

కల్లూరు, జూలై

అత్తమ్మకు నమస్కారాలు.

కోపం తెచ్చుకోకుండా చదవండి. ఆరాధన చిక్కలేదు, పక్కకు తిరిగి ఫోటో తీయించుకుంది. వయసుకు మించిన బరువుందని డాక్టరమ్మ చెప్పింది. బళ్ళో ఖోఖో ఆడబోతే నాలుగడుగులకే ఆయాసం. పిల్లలు "నువ్వు కూర్చో, స్కోరు రాయి" అన్నారట. ఇంటికొచ్చి నా కొంగు పట్టుకుని "అమ్మా, నేను గూడా ఉరకాల" అని ఏడ్చింది.

ఇక ఊరుకుంటానా? చిప్సు, కూల్‌డ్రింకులు బంద్. కొర్రన్నం, జొన్నరొట్టె, ఆకుకూర మొదలుపెట్టా. షేర్ ఆటో మానేసి బడికి ఇద్దరం నడుస్తున్నాం. సాయంత్రం గ్రౌండులో పరుగు. దాన్ని జట్టులో నిలబెట్టకపోతే నా పేరు శ్రీదేవి కాదు. దయచేసి తీపి పంపొద్దు.

మీ కోడలు

తా.క. డబ్బాలో కొర్రబియ్యం వేశాను. మామయ్యకూ మంచిది.

ఒంటిమిట్ట, సెప్టెంబరు

శ్రీదేవికి, కళ్ళు తుడుచుకుంటూ అత్త రాసేది.

నువ్వు వద్దన్నా రెండు నెలలుగా తీపి పంపుతూనే ఉన్నా. తిరిగొచ్చిన ప్రతి డబ్బాలోనూ కొర్రలే! నాకంతా అర్థమైంది, ఇక దాచకు. వ్యాపారస్తుల ఇంట్లో కొర్రన్నం, నడక, పైగా డాక్టరమ్మ చెప్పిందనడం! ప్రొద్దుటూరులో మా పెదనాన్న కొడుకు ఐపీ పెట్టే ముందు ఇదే పాట పాడాడు. "డాక్టరు తీపి వద్దన్నాడు, నడవమన్నాడు" అని ఊరంతా చెప్పుకున్నాడు. చివరికి దివాలా, అంగడికి తాళం. మా వేణు కూడా అంగడి మునిగిందని అమ్మకు చెప్పడానికి నామోషీ పడుతున్నాడు కదా? పసిదానికి కొర్రలు పెట్టే రోజులొచ్చాయా దేవుడా! నేనుండగా మీకేం భయం లేదు. నెయ్యి, మైసూరుపాకు, మళ్ళీ సున్నుండలు పంపుతున్నా.

ఇట్లు, మీ కోసం బతికున్న అత్త

తా.క. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎదురింటి నాగలక్ష్మమ్మకు మాత్రం చెప్పా, అదీ ఒట్టు వేయించుకుని.

కల్లూరు, సెప్టెంబరు

అత్తమ్మకు నమస్కారం పెట్టి, పళ్ళు బిగబట్టి రాస్తున్నా.

నాగలక్ష్మమ్మ వేసిన ఒట్టు కడప దాటి కర్నూల్లో మా కల్లూరుదాకా చేరింది. నిన్న పప్పుల హోల్‌సేల్ ఆయన అంగడి ముందు నిలబడి "ఏమప్పా వేణుగోపాలూ, అంగడి ఎత్తేస్తాండావంట?" అని అడిగాడు. గోడౌన్లో మూటలు చూపించి ఆయన్ని పంపేసరికి మీ అబ్బాయికి చెమటలు పట్టాయి. మా పిన్ని బియ్యం మూట పట్టుకొచ్చి, నన్ను పట్టుకుని ఏడ్చి, మా ఇంట్లోనే భోంచేసి పోయింది.

అంగడి నిక్షేపంగా ఉంది అత్తమ్మా! ఆరాధనను జట్టులోకి తీసుకున్నారు. శనివారం ఆట. మీరే వచ్చి కళ్ళారా చూడండి.

మీ కోడలు

తా.క. మీ తీపి పిల్ల ముట్టలేదు. "అంగట్లో పనివాళ్ళకు పంచేస్తాలే" అని ప్రతి డబ్బా మీ అబ్బాయే పట్టుకెళ్ళారు.

ఒంటిమిట్ట, అక్టోబరు

చి.ల.సౌ. శ్రీదేవికి, అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన అత్త రాసేది.

పిల్ల ముగ్గురిని ఔట్ చేసి, పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని "అవ్వా, చూసినావా? నాకు ఆయాసం రాల్యా!" అన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నీదే గెలుపు, ఒప్పుకున్నా. మీ మామ కూడా కొర్రన్నమే అడుగుతున్నాడు. నాగలక్ష్మమ్మకు "అంగడి శానా బాగుండాది" అని చెప్పా. అది నమ్మలేదు.

ఇట్లు, ఆరాధన అవ్వ

తా.క. ఒక్కటే అనుమానం. వేణు నా కాళ్ళకు దండం పెట్టబోయి, వంగలేక మధ్యలోనే ఆగిపోయాడు. మీ అంగట్లో పనివాళ్ళు ఎంతమంది?

కల్లూరు, అక్టోబరు

అత్తమ్మకు నమస్కారాలు.

పనివాడు ఒక్కడే, ఏసన్న. పిలిచి అడిగితే "సున్నుండలా? నా నోటికి యాడొచ్చినాయక్కా! డబ్బా గల్లాపెట్టె పక్కనే ఉంటాది. బేరం లేనప్పుడంతా అన్న చెయ్యి ఆడికే పోతాది" అన్నాడు. నిన్న డాక్టరమ్మ ఆరాధనను మెచ్చుకుని, పక్కనున్న తండ్రిని బరువు మిషను ఎక్కమంది. అంకె చూసి, పిల్లకు పెట్టే తిండే ఆయనకూ పెట్టమంది.

నెల రోజులు అంగడి నేను చూసుకుంటా. ఈసారి డబ్బా రాదు, మీ అబ్బాయే వస్తున్నారు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చా. కొర్రన్నం పెట్టి రోజూ గుడిదాకా నడిపించండి. "నాయిన్ను కూర్చోబెట్టొద్దు, ఉరికించమని చెప్పు" అని ఆరాధన మరీ మరీ చెప్పమంది.

మీ కోడలు

తా.క. డబ్బా ఖాళీగా తిప్పి పంపొద్దని మీరే అన్నారు. మీ అబ్బాయిని మాత్రం ఖాళీ చేసే పంపండి.