నాలుకతో తీసిన నలుసు

హిందూపురం,
14 డిసెంబరు 1998.

అమ్మకు చాముండి దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, మీ అల్లుడు, పాప బాగున్నాం. ‘అందరమూ క్షేమం’ అని రాయడానికి మాత్రం ఈసారి చెయ్యి రాలేదు. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఎప్పటిలాగా శామ్యూల్ సారు చేత అరుగు మీద అందరికీ వినపడేటట్టు చదివించుకోవద్దు. కూడబలుక్కొనైనా నువ్వే చదువు.

పాపకు దగ్గు తగ్గింది. నువ్వు పంపిన కొర్రబియ్యం అందాయి. మీ అల్లుడు రెండు పూటలు మెచ్చుకుంటూ తిని, మూడో పూట వరన్నం ఎక్కడని అడిగాడు. ఆయన సంగతి నీకు తెలియనిదా.

నీ తమ్ముడి కన్ను ఎట్లుందని పోయిన ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. దానికన్నా ముందు ఇంకొకటి చెప్పాలి. మా కంటి వార్డు డాక్టరుగారు రెండేళ్ల కేసుషీట్లు నా ముందర పెట్టి, కంటికి దెబ్బ తగిలి వచ్చినవాళ్లందరినీ ఒక పుస్తకంలోకి ఎక్కించమన్నారు. ఎట్లా తగిలింది, ఎన్నో రోజున వచ్చారు, ఇంట్లో ఏం చేసుకొని వచ్చారు, పోయేటప్పుడు చూపెంత, ఇవన్నీ రాయాలి. ధర్మవరం మగ్గాల దగ్గర నాడె ఎగిరి తగిలినవాళ్లు ఉన్నారు. పెనుకొండ దగ్గర బండలు కొడుతుంటే రాతిపెళ్ల పడినవాళ్లు ఉన్నారు. అందరికన్నా ఎక్కువ, శెనక్కాయ తూర్పారబడుతుంటే పొట్టు పడినవాళ్లు. వాళ్లలో మొదటిరోజే వచ్చినవాళ్లు నాలుగు రోజుల్లో నవ్వుకుంటూ ఇంటికి పోయారు. వారం దాటి వచ్చినవాళ్లకు కంట్లో తెల్లగా పువ్వు వేసింది, కొందరికి కన్నే పోయింది. అట్లాంటివాళ్లలో తొమ్మిదిమంది ఒకటే మాట చెప్పారు: ‘నాలుకతో తీయించినాం.’ ఆరుగురు మన తాడిమర్రి చుట్టుపక్కల వాళ్లు.

నా చేతిలో పెన్ను ఆగిపోయిందమ్మా. అక్కడ నాలుకతో నలుసు తీసేది నువ్వు ఒక్కదానివే. అమ్మవారి కోపంతో కన్ను పోయిందన్నావే మన ఓబుళప్పకు, అతని షీటు కూడా అందులో ఉంది. నువ్వు నోరు మూడుసార్లు పుక్కిలించి తీస్తావు, ఎవరి దగ్గరా ఒక వక్క కూడా పుచ్చుకోవు, ఇందులో చెడేముంటుందనే అనుకున్నాను. గీరుకుపోయిన నల్లగుడ్డు మీదికి నోట్లో క్రిమి చేరితే పుండు పడుతుందని, పుక్కిలిస్తే అది పోదని నేను చదువుకున్నదే. అది నీ నాలుకకు కూడా వర్తిస్తుందని, ఏడేళ్లుగా నర్సు పని చేస్తున్నా తట్టలేదు.

ఇప్పుడు మామ సంగతి. దీపావళికి నేను ఊర్లో ఉన్నప్పుడు ముత్యాలప్ప మామ కంట్లో పొట్టు పడిందని వచ్చాడు కదా. ముందు నా దగ్గరికే వచ్చాడు. “నీతోనే హిందూపురం బస్సెక్కుతా చాముండీ” అన్నాడు. “ఇంతదానికి ఆడిదాకా ఎందుకు మామా, అమ్మ దగ్గరికి పో” అని పంపింది నేనే. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నేను ఆ చెట్టునే నమ్మాను. వారం దాటాక మామ కంట్లో పుండుతో మా వార్డుకే వచ్చి చేరాడు. మందులు పనిచేస్తున్నాయని నీకు రెండు ఉత్తరాల్లో అబద్ధం రాశాను. పోయిన గురువారం ఆ కన్ను తీసేశారు. మామ షీటులో, ఇంట్లో ఏం చేశారన్నచోట ‘ఏమీ లేదు’ అని రాసింది కూడా నేనే.

కట్టు కట్టించుకొని మంచం మీద కూర్చొని మామ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. “అక్కకు చెప్పొద్దు. నలుసు తీసినాక యాడో కంపముల్లు గుచ్చుకొనిందని చెప్పు. తెలిసిందంటే ఆయమ్మ ఇంక ఆ నోటితో ముద్ద తినదు” అన్నాడు. నేను బయటికి వచ్చి ఏడ్చాను.

అయినా ఒట్టు తప్పుతున్నాను. ఈ పొద్దున షీటులో ‘ఏమీ లేదు’ కొట్టేసి, ‘మా అమ్మ నాలుకతో తీసింది, పంపింది నేను’ అని రాసి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. మన పక్క కళ్లాలు ఇంకా అయిపోలేదు. రేపోమాపో ఎవరో ఒకరు కన్ను మూసుకొని నీ వాకిట్లోకి వస్తారు. నన్ను ఎంతైనా తిట్టుకో. వాళ్లను మాత్రం చెయ్యి పట్టుకొని మొదటి బస్సెక్కించు.

ఆదివారం మామను ఇంటికి పంపుతున్నారు. నీ ఎదురుగా కూర్చొని ముల్లు గుచ్చుకొనిందనే చెప్తాడు. నమ్మినట్టే ఉండు. ఆయన చూస్తుండగా అన్నం తిను.

ఇట్లు,
ఈ తప్పులో నీతో సగం పంచుకున్న
నీ కూతురు చాముండి