సొంత ఊరు అనే గడి

22 ఆగస్టు 2012, బుధవారం

బట్టలు మడతపెట్టాను, ఇడ్లీపిండి రుబ్బాను, గ్యాస్ బుక్ చేశాను. మా తార్నాక షటిల్ క్లబ్బు పనులు చూసేది నేనే, కోర్టుల ఆన్‌లైన్ బుకింగ్‌కు ఒక సర్వీసు కూడా ఖాయం చేశాను. చూసిన రెండింటిలో చవకగా వచ్చేది పేరు, ఫోను నంబరు అడిగి డబ్బు కట్టించుకుంటుంది, అంతే. నేను రెండోది ఎంచుకున్నాను. అందులో మనకు కావలసిన ప్రశ్న చేర్చుకోవచ్చు. ‘సొంత ఊరు’ అని చేర్చాను.

యూనివర్సిటీలో మళ్ళీ బంద్. అక్కడి ఆఫీసులో పనిచేసే సుగుణ, నా డబుల్స్ జోడీ, మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చి కంప్యూటర్లో ఆ ప్రశ్న చూసింది.

“గిదెందుకక్కా? ఊరు చెప్తెనే కోర్టు ఇస్తరా ఏంది?”

“పాత రిజిస్టర్లో ఉండేదిగా” అన్నాను. ఎప్పుడూ లేదు. తెలంగాణ ఉద్యమం ముదిరాక క్లబ్బులో మనవాళ్లెవరో, కానివాళ్లెవరో చూసుకోవడం నాకు అలవాటైంది.

సుగుణ నవ్వుతూ ‘భువనగిరి’ అని కొట్టింది. “ఇగ నీది కొట్టు.”

నేను ‘తార్నాక’ అని కొట్టాను. మాది తెనాలి అని ఆమెకు పదేళ్లుగా తెలుసు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

రాత్రి ఆ గడి తీసేసి సుగుణకు ఫోన్ చేశాను. రిజిస్టర్ మాట అబద్ధమని చెప్పాను.

“ఎరుకే. తెనాలి అని రాయనీకి నా ముందట గూడ భయమైందా అక్కా?”

ఔనన్నాను. ఆమెకు నేను బాకీపడ్డ నిజం అదే. ఇచ్చేశాను.