రోహన్ తప్పు

బెంగళూరు,
సోమవారం.

అక్కా,

వందనాలు. దేవుని దయవల్ల నువ్వూ, బావగారూ, పిల్లలూ అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్నగారు ఇంకా చర్చిలో క్వయర్ నేర్పడానికి కాలవగట్టు మీద సైకిల్ తొక్కుకుంటూనే వెళ్తున్నారా? నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. "ఫోన్లో బాగున్నాననడం తప్ప ఇంకేం చెప్పవు, కూర్చుని ఉత్తరం రాయరా" అన్నావు కదా, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ వారంగా ఒకటే ముసురు. మన దగ్గరిలా కుండపోతగా కురిసి పోదు, పొద్దస్తమానం సన్నగా కారుతూనే ఉంటుంది. బట్టలు ఆరవు. తీగలు తుప్పు పడతాయని గిటార్‌కి దుప్పటి చుట్టి, నేను స్వెట్టర్ వేసుకుని పడుకుంటున్నాను. తిండికి లోటు లేదు. కింద హోటల్లో అన్నం దొరుకుతుంది, కాకపోతే సాంబారులో బెల్లం వేస్తారు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త ఎండు రొయ్యల పొడి పంపించు. ఒంట్లో బాగానే ఉంది, నిజంగానే.

ఇక పని సంగతి. ఊళ్ళో ఎవరైనా అడిగితే "మా తమ్ముడు మ్యూజిక్ టీచరండీ" అని చెబుతున్నావట. చెప్పుకో, నాకేం కోపం లేదు. పంక్ రాక్ అంటే వేగంగా, గట్టిగా, కోపంగా వాయించేదని నేను విడమరిచి చెప్పినా వాళ్ళకి గోలే కదా. కాకినాడ కాలేజీలో "తుప్పు" అని బ్యాండు పెట్టి వార్డెన్ చేత తిట్లు తిన్నాం. పరీక్షలు రాగానే అది చెదిరిపోయింది. విశాఖలో చేరిన బ్యాండు వాళ్ళు కొన్నాళ్ళకే పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించమన్నారు, వచ్చేశాను. హైదరాబాదులో మన అమలాపురం రాంబాబు డ్రమ్ములు, నేను గిటారు పట్టి పెట్టిన "ఉప్పుగాలి" ఒక్కటే నాది అనిపించింది. రొయ్యల చెరువుల కంపు మీద, తుపాను సాయం కోసం నిలబడ్డ క్యూ మీద, మనమే కట్టుకున్న తెలుగు పాటలు. పాడే కుర్రాడికి బ్యాంకు ఉద్యోగం రావడంతో అదీ ఆగిపోయింది. ఆ తర్వాత ఈ పెద్ద బ్యాండు పిలిచింది. నీకు ఎంత గొప్పగా చెప్పుకున్నానో.

గొప్పే. కాని వాళ్ళు పిలిచింది నా కోసం కాదక్కా. వాళ్ళ గిటారిస్టు రోహన్ బైకు ప్రమాదంలో పోయాడు. అతని చోట నేను. అతని తల్లి ఇచ్చిన అతని గిటారే వాయించాలి. అదీ రికార్డులో అతను వాయించినట్టు, అచ్చం. వాళ్ళకి పేరు తెచ్చిన పాటలో ఒకచోట అతని వేలు జారి పక్క మెట్టు మీద పడి స్వరం తప్పింది. మళ్ళీ రికార్డు చేసే వీలు లేక అలాగే వదిలేశారు. వినేవాళ్ళకి ఆ తప్పే ముద్దయిపోయింది. అది రాగానే హాలంతా ఒక్కసారిగా ఎగురుతుంది. క్వయర్‌లో నువ్వు శ్రుతి తప్పితే నాన్నగారు కళ్ళద్దాల పైనుంచి చూసేవారు, గుర్తుందా? ఇక్కడ తప్పకపోతే చూస్తారు. చేరిన దగ్గర్నుంచీ ప్రతి షోలో నా వేలు నేనే జారుస్తున్నాను. నేను కట్టిన పాట ఒకటి వినిపిస్తే మా గాయకుడు "బాగుంది, కాని రోహన్‌లా లేదు" అన్నాడు. నాకు ఊపిరాడటం లేదక్కా.

ఈమధ్య రాంబాబు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఉప్పుగాలి మళ్ళీ పెడదాం, వచ్చేయరా. పాడే అమ్మాయి దొరికింది. నువ్వు రాపోతే ఇంకోళ్ళని చూసుకోవాలి. వచ్చే ఆదివారంలోగా ఏదోటి చెప్పేయరా బాబూ" అన్నాడు. అదే నీకు చెప్పాను కదా, ఇక్కడ మానేసి ముందు ఇంటికొచ్చి, అట్నుంచి హైదరాబాదు వెళ్తానని. అమ్మ అప్పుడే నా మంచం మీద కొత్త దుప్పటి పరిచిందట.

మొన్న శనివారం సాయంత్రం షో ఉంది. ఎలాగూ పోతున్నాను, ఆ చోటు ఒక్కసారి సరిగ్గా వాయిద్దామనుకున్నాను. వాయించాను. ఎగరడానికి మోకాళ్ళు వంచినవాళ్ళు వంచినట్టే ఉండిపోయారు. గాయకుడు వెనక్కి తిరిగి గుడ్లురిమాడు. నాకు మాత్రం భలే సంతోషం వేసింది.

షో అవగానే గిటారు పెట్టెలో సర్ది, రోహన్ వాళ్ళమ్మగారికి ఇచ్చేసి సెలవు తీసుకుందామని వెళ్ళాను. ఆవిడ ఇక్కడ జరిగే ప్రతి షోకీ వస్తారు. చెవుల్లో దూది పెట్టుకుని, పక్కగా కుర్చీ వేసుకుని, నా కోసం తెచ్చిన చిత్రాన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. వాళ్ళింట్లోనూ తెలుగే, ఇక్కడి తెలుగు. నేను నోరు తెరిచేలోగానే ఆవిడ నా ఎడమ చెయ్యి పట్టుకున్నారు.

"ఈ పొద్దు వాడు రాలేదే నాయనా" అన్నారు.

నేను గిటారు పెట్టె కింద పెట్టాను. "పాటలో ఆ తావు కోసమే నేను వచ్చేది. అది వచ్చేటప్పుడు కండ్లు మూసుకుంటాను. వాడు వచ్చి, కనబడి పోతాడు. ఈ పొద్దు కండ్లు మూసుకునే ఉండిపోయినా" అన్నారు. డబ్బా నా చేతిలో పెట్టి, "వచ్చే శనివారం వస్తాడు కదా?" అని అడిగారు.

ఆవిడ అడిగింది నా గురించి కాదు. "ఆయ్, వస్తాడండీ" అనేశాను.

అంతే అక్కా. గిటారు మళ్ళీ నా గదిలోనే ఉంది. రాంబాబుకి ఇంకా చెప్పలేదు, వాళ్ళమ్మగారు బజార్లో కనిపిస్తే నువ్వేమీ అనకు. అమ్మతో మాత్రం సెలవు దొరకలేదని చెప్పు. రోహన్ వాళ్ళమ్మగారి మీద కోపం తెచ్చుకుందామని రెండు రోజుల్నుంచి చూస్తున్నాను, రావడం లేదు. కోపం లేకుండా ఈ సంగీతం ఎలా వాయించాలో నాకు తెలియదు.

పెద్దవాళ్ళందరికీ వందనాలు, పిల్లలకి ముద్దులు. బావగారిని అడిగానని చెప్పు. నా గురించి బెంగ పెట్టుకోకండి, నేను బాగానే ఉన్నాను. శనివారం కుటుంబ ప్రార్థనలో నన్ను తలుచుకోండి. ఊరికే "మా అబ్బాయి" అనకుండా పేరు పెట్టి ప్రార్థించమని నాన్నగారితో చెప్పు. ఇక్కడ నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవడం లేదు.

నీ తమ్ముడు,
ప్రభుదాసు