ఇరవై నాలుగు అంగుళాల కబడ్డీ కోర్టు

చి. హర్షిణికి,

ఇంట్లో అందరం బాగున్నాం. మీ హాస్టల్లో ఫోన్లు ఒప్పుకోరు కాబట్టి కార్డు మీదే చెబుతున్నాను: టీవీ కొన్నాం! వచ్చే నెల నీ కబడ్డీ పోటీ ఇంట్లోనే చూస్తాం. పాత డబ్బా టీవీలో రెండు జట్లూ పచ్చగానే కనబడేవి. కొత్తది ఇరవై నాలుగు అంగుళాలు. గోడ గూట్లో అంతకన్నా పెద్దది పట్టదు. అంత చిన్న తెరలో నాయినమ్మ నిన్ను గుర్తుపట్టగలదా అన్నదే నా భయం. దుకాణంలో ఆమెను మన మంచానికీ గూటికీ ఉన్నంత దూరంలో కూర్చోబెట్టి, నీ పాత ఆట వీడియో పెట్టించాను.

"నంబరు కనవడుతున్నదా అవ్వా?" అని అడిగాడు ఓంప్రకాశ్ సేటు.

"నంబరెందుకు బిడ్డా? గా చెవి గీరుకుంటున్నదే మా పోరి. కూతకు పోయేముందు గట్లనే చేస్తది" అన్నది.

నిజంగానే అది నువ్వే! దుకాణంలో అందరూ చప్పట్లు కొట్టారు.

మోకాలి పట్టీలు సరిపోయాయా? పోటీ ఏ రోజో, ఎన్ని గంటలకో రాయి. నాయినమ్మ అప్పుడే వాడకట్టునంతా పిలిచింది. కోచ్ గారికి నా నమస్కారాలు చెప్పు. నిన్ను బెంచీ మీదే కూర్చోబెట్టినా దిగులుపడకు. నాయినమ్మ బెంచీవైపే చూస్తుంది.

ఆశీస్సులతో,
బాపు, సిద్దిపేట